మార్జిన్‌లో తాతయ్య

మూడేళ్ల కిందట నేనొక ఘనకార్యం చేశాను. ఇన్నాళ్లూ దాని గురించి గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను కూడా. ఈ వారం అదే సంగతి, తప్పు ఒప్పుకుంటున్నట్టుగా మీకు చెబుతున్నాను.

తాతయ్య పోయాక చీరాల దగ్గర మా ఊళ్లో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. తాతయ్య తెలుగు మాస్టారు. కుర్రతనంలో వేటపాలెం సారస్వత నికేతనానికి సైకిలు తొక్కుకుంటూ వెళ్లి పొద్దుపోయేదాకా చదువుకుని వచ్చిన మనిషి. 1918లో పెట్టిన ఆ గ్రంథాలయం గురించి మా ఇంట్లో గుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఆయన మిగిల్చిన ఆస్తి ఒక ట్రంకు పెట్టెడు పుస్తకాలు. "వీటినేం చేద్దాంరా?" అన్నాడు బాబాయి. ఇంట్లో ఇంజినీరు ఉండగా ఇదో సమస్యా? ఫోన్లో స్కానర్ యాప్ వేసుకున్నాను. రెండు శని ఆదివారాలు కూర్చుని 41 పుస్తకాలు పేజీ పేజీ ఫొటో తీసి పీడీఎఫ్‌లు చేశాను. యాప్ చాలా తెలివైంది. వంకర పేజీని సరిచేస్తుంది. పసుపెక్కిన కాగితాన్ని తెల్లగా చేస్తుంది. అచ్చు ఎక్కడుందో గుర్తుపట్టి, చుట్టూ ఉన్న అంచుల్ని తనంతట తనే కత్తిరించేస్తుంది.

ఫైళ్లన్నీ డ్రైవ్‌లో పెట్టి లింకు కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడేశాను. దండాలు, హృదయాలు బోలెడు వచ్చాయి. ఆ సాయంత్రమే పెట్టెలో ఉన్నదంతా పాతపేపర్లు కొనే అతనికి కాటా వేసి ఇచ్చేశాం. బెంగెందుకు? బ్యాకప్ ఉందిగా!

నిరుడు ఆఫీసు పని మీద అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లో నాలుగు నెలలున్నాను. ఇన్సూరెన్సు కంపెనీల ఊరది. మన సాఫ్ట్‌వేర్ జనానికి కొదవ లేదు. దసరాకి ఎవరింట్లోనో భోజనాలు పెడితే వెళ్లాను. అక్కడ ఒంగోలు వైపు అక్క ఒకరు పరిచయమయ్యారు. "మీరే కంపెనీలో అక్కా?" అని అడిగాను. అక్కడ ఎవరైనా ఎవరినైనా మొదట అడిగే ప్రశ్న అదే. "కంపెనీ కాదు నాయనా, యూనివర్సిటీ లైబ్రరీ. అరుదైన పుస్తకాల విభాగం" అన్నారు. నా రెండో ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అన్నీ స్కాన్ చేసేశాక ఇంకా పనేముంటుంది అక్కా?"

ఆవిడ కోప్పడలేదు. "వచ్చే శనివారం ఖాళీయేనా? న్యూ హేవెన్ వెళ్దాం రా. నేను పనిచేసే చోటు కాదులే, సెలవు రోజున మా ఆఫీసు గుమ్మం తొక్కను. మా ఉద్యోగం ఏమిటో అక్కడైతే కంటికి కనిపిస్తుంది" అన్నారు.

కిటికీల్లేని ఇల్లు

న్యూ హేవెన్‌లో ఉన్నది యేల్ యూనివర్సిటీ. అక్కడి అరుదైన పుస్తకాల లైబ్రరీ పేరు బైనెకీ. 1963లో తెరిచారు. బయట నుంచి చూస్తే ఒక పెద్ద తెల్లరాతి పెట్టె. ఒక్క కిటికీ లేదు. నాకు మా ఆఫీసు డేటా సెంటర్ గుర్తొచ్చింది. లోపలికి వెళ్లాక నోట మాట రాలేదు. ఆ గోడలు అంగుళం పావు మందం పాలరాతి పలకలు. బయటి ఎండ వాటిలోంచి వడకట్టినట్టు లోపలికి దిగుతోంది. హాలంతా తేనె రంగు వెలుతురు. మధ్యలో ఆరంతస్తుల గాజు గది, దాన్నిండా పుస్తకాలు.

ఎండ నేరుగా తగిలితే కాగితం, సిరా, తోలు అన్నీ పాడవుతాయి. అలాగని కటిక చీకట్లో పెడితే అది గోడౌన్ అవుతుంది. గోర్డన్ బన్‌షాఫ్ట్ అనే ఆర్కిటెక్టు ఈ రెండింటికీ రాతితో రాజీ కుదిర్చాడు. "మా ఉద్యోగమంతా ఆ గోడే అనుకో. ఎంత రానివ్వాలి, ఎంత ఆపాలి, రోజూ ఇదే లెక్క" అన్నారు అక్క.

కింద అద్దాల పెట్టెలో గూటెన్‌బర్గ్ బైబిల్ ఉంది. 1455 ప్రాంతంలో జర్మనీలో అచ్చయింది. అయిదొందల డెబ్భై ఏళ్ల కాగితం! ఇంత పాత కాగితం ఇంత గట్టిగా ఎలా ఉందని అడిగాను. అప్పట్లో కాగితం పాత గుడ్డపేలికలు నానబెట్టి చేసేవారట. 19వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి చెక్క గుజ్జుతో చవకగా చేయడం మొదలైంది. అందులో వేసే పటిక లాంటి పదార్థాల వల్ల ఆమ్లం పుట్టి, కాగితాన్ని లోపలి నుంచే తినేస్తుంది. ముందు పసుపెక్కుతుంది, తర్వాత అప్పడంలా విరుగుతుంది. "అందుకే ఈ బైబిల్ గురించి నాకు బెంగ లేదు. 1950ల నాటి మన తెలుగు వారపత్రికల గురించే బెంగ. అవి ముట్టుకుంటే పొడైపోతాయి" అన్నారు. మీరు చదువుతున్న ఇలాంటి పత్రికల పాత సంచికల గురించే ఆవిడ చెప్పింది.

ఈ లైబ్రరీ మీద ఒక పుకారుంది. మంటలొస్తే గాజు గదిలోంచి గాలంతా లాగేస్తారనీ, లోపల ఏ లైబ్రేరియనైనా ఉంటే ఇంక అంతే సంగతులనీ. నేనూ నెట్లో చదివాను. అది వట్టిదే. మంటల్ని ఆర్పే వాయువు వదిలే ఏర్పాటు ఉంటుంది, దానితో మనుషులు చచ్చిపోరు. ఇంకొకటి మాత్రం నిజం. 1977లో ఇక్కడి పుస్తకాలకు పురుగు పట్టింది. మందు కొడితే పుస్తకానికీ మనిషికీ చేటు. ఏం చేయాలా అని ఆలోచించి, పుస్తకాల్ని ప్లాస్టిక్‌లో చుట్టి, మైనస్ 36 డిగ్రీల చలిలో మూడు రోజులు ఉంచారు. పురుగు చచ్చింది, పుస్తకం బతికింది. తర్వాత చాలా లైబ్రరీలు ఇదే దారి పట్టాయి.

ఇంకో సంగతి. ఈ యూనివర్సిటీ పేరు మన మద్రాసు మీదుగా వెళ్లిందే. ఎలీహూ యేల్ అనే ఆయన 1687 నుంచి 1692 దాకా ఫోర్ట్ సెయింట్ జార్జికి అధిపతి. సొంత వ్యాపారంలో బాగా వెనకేసి, అవినీతి ఆరోపణల మీద పదవి పోగొట్టుకుని ఇంగ్లండు చేరాడు. 1718లో ఈ కాలేజీకి తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, ఒక రాజుగారి బొమ్మ పంపాడు. సరుకు అమ్మితే 562 పౌన్లు వచ్చాయి. కాలేజీకి ఆయన పేరు పెట్టేశారు. ఇవి మూడొందల ఏళ్ల తర్వాత కూడా అణా పైసలతో చెప్పగలుగుతున్నామంటే కారణం, ఆ రోజు ఎవరో కూర్చుని లెక్క రాశారు. ఎవరి దగ్గర నుంచి ఏం వచ్చింది, ఎన్ని వచ్చాయి అని రాయడమే లైబ్రేరియన్ చేసే మొదటి పని.

నేల మీద దొరికిన బ్లేడు

ఆ ఉద్యోగంలో రోజూ ఏం చేస్తారో అడిగాను. సినిమాల్లో చూపించినట్టు తెల్ల గ్లవుజులు వేసుకుని పేజీలు తిప్పుతూ ఉంటారనుకున్నా. అక్క నవ్వారు. కాగితానికి గ్లవుజులు మంచివి కావట. వేళ్లకు స్పర్శ తెలియదు, పేజీ చిరుగుతుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని, తడి ఆరాక ముట్టుకుంటే చాలు. గ్లవుజులు ఫొటోలకీ, లోహపు వస్తువులకీ వాడతారు.

ఒక పాత పుస్తకం లైబ్రరీకి వచ్చిందనుకోండి. అది ఎక్కడి నుంచి వచ్చింది, అమ్మే హక్కు ఆ అమ్మినవాడికి ఉందా అని చూస్తారు. తర్వాత పుటలు సరిచూస్తారు. పాతకాలంలో పెద్ద కాగితం మీద చాలా పేజీలు ఒకేసారి అచ్చువేసి, మడిచి, ఆ మడతల్ని కలిపి కుట్టేవారు. ఏ మడత తర్వాత ఏది రావాలో బైండు చేసేవాడికి తెలియడానికి పేజీ అడుగున చిన్న అక్షరం గుర్తు వేసేవారు. లైబ్రేరియన్ ఆ గుర్తుల వరుసను ఒక సూత్రంలా రాసుకుంటారు. దాన్ని చూస్తే ఎక్కడ ఆకు పోయిందో, ఎక్కడ వేరే పుస్తకంలోది తెచ్చి అతికించారో దొరికిపోతుంది. మా భాషలో చెప్పాలంటే చెక్‌సమ్ అన్నమాట! ఫైలు మొత్తం చేరిందా లేదా అని మేం కంప్యూటర్‌తో చూసుకునేది, వీళ్లు వందల ఏళ్ల నాటి పుస్తకానికి చేత్తో చేస్తున్నారు.

ఆ తర్వాత బైండు ఎప్పటిది, లోపల ఎవరి సంతకముంది, ఏ లైబ్రరీ ముద్ర ఉంది, మార్జిన్లో ఎవరేం రాశారు, ఎక్కడ పురుగు కొట్టింది, ఇవన్నీ కేటలాగ్‌లోకి ఎక్కుతాయి. ఒక్క పుస్తకానికే సగం రోజు పట్టొచ్చు. "ఇంత వివరం ఎవడికి కావాలక్కా?" అని నోరు జారాను. జవాబుగా ఇదే భవనంలో జరిగిన కథ చెప్పారు.

2005 జూన్‌లో ఒక రోజు ఇక్కడి రీడింగ్ రూములో పనిచేసే ఒకరికి నేల మీద చిన్న బ్లేడు కనిపించింది. పుస్తకాల గదిలో బ్లేడుకేం పని? ఆ రోజు పాత పటాల పుస్తకాలు చూస్తున్న మనిషి ఎవరో ఆరా తీశారు. పేరున్న పటాల వ్యాపారి, ఎడ్వర్డ్ ఫోర్బ్స్ స్మైలీ. పోలీసులు వెనకాలే వెళ్లి పట్టుకుంటే అతని దగ్గర పటాలు దొరికాయి. లండన్, బోస్టన్, న్యూయార్క్, చికాగో లైబ్రరీలతో సహా పలుచోట్ల నుంచి మొత్తం 97 పటాలు కోసుకుపోయానని తర్వాత ఒప్పుకున్నాడు. మూడున్నరేళ్ల జైలు పడింది.

"దొంగ దొరికాక మా వాళ్లకి అసలు పరీక్ష మొదలైంది," అన్నారు అక్క. "ఈ పటం మా పుస్తకంలోదే అని నిరూపించాలి కదా. మా ప్రతిలో ఈ పటం ఉండేది, ఈ మూల మరక ఉండేది, ఇక్కడ పురుగు కన్నం ఉండేది అని రాసి ఉంటేనే అది మనది. రాసుకోకపోతే, పోయిందన్న సంగతే తెలియదు."

ఆ మాటకి నాకెందుకో కొంచెం భయమేసింది.

"అంచులేవి?"

బయట బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతుంటే "ఏదీ, మీ తాతగారి పుస్తకాలు స్కాన్ చేశానన్నావుగా, చూపించు" అన్నారు. నేను ఉత్సాహంగా ఫోన్ తీశాను. మూడు నాలుగు పేజీలు జరిపి, వెనక్కి జరిపి, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "అంచులేవి?"

"యాప్ తీసేసింది అక్కా, పేజీ నీట్‌గా ఉండాలని."

"అట్టలు?"

"అవి చిరిగిపోయి ఉన్నాయి, అందుకని…"

"మొదట్లో ఉండే ఖాళీ పేజీలు?"

"ఖాళీ పేజీలెందుకక్కా!"

ఆవిడ ఏమీ అనకుండా ఒక పేజీని పెద్దది చేసి నా వైపు తిప్పారు. భారతంలో ఏదో పర్వం. కుడి పక్కన, కత్తిరింపు నుంచి తప్పించుకున్న పిసరంత చోటులో, పెన్సిల్‌తో తాతయ్య చేతిరాత. 'రాత్రి చదివి వినిపించాను. ఆమె'. అక్కడితో ఆగింది. ఆ పైన తేదీ ఉండేదేమో, సగం అంకె కనబడుతోంది. 'ఆమె' తర్వాత ఏముందో యాప్‌కి అవసరం లేకపోయింది.

మూడేళ్లుగా ఆ ఫైలు నా దగ్గరుంది. ఒక్కసారీ తెరిచి చూడలేదు.

ఎంత పెద్ద సంగతైనా అంచుల్లోనే ఉండిపోవచ్చు అంటూ, నా ముఖం చూసి కాబోలు, ఫెర్మా కథ చెప్పారు. ఇంజినీరింగ్ చదివిన వాళ్లకి ఆ పేరు తెలిసే ఉంటుంది. 17వ శతాబ్దపు ఫ్రెంచి లెక్కల మనిషి. డయోఫాంటస్ రాసిన గణిత గ్రంథం చదువుతూ, దాని మార్జిన్లో ఒక సిద్ధాంతం రాసి, రుజువు తన దగ్గరుంది కానీ ఈ అంచులో పట్టదన్నాడు. ఆయన పోయాక కొడుకు 1670లో ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చువేస్తూ నాన్న మార్జిన్లో రాసినవి కూడా కలిపి వేశాడు. ఫెర్మా చేత్తో రాసిన ఆ ప్రతి తర్వాత కనబడకుండా పోయింది. కొడుకు అంచులు వదిలేసి ఉంటే ఆ సిద్ధాంతం మనదాకా వచ్చేదా? అది రుజువు కావడానికి 1990ల దాకా పట్టింది. మూడొందల యాభై ఏళ్లు లెక్కల ప్రపంచాన్ని పరిగెత్తించింది ఒక మార్జిన్ రాత. ఆ కొడుకు చేసిన పని నేను చేయలేదు.

అక్క ఇంకో ఫైలు తెరిచారు. పలుచటి పుస్తకం, చీరాల పేరాల ఉద్యమం మీద పాటలు. 1921లో మునిసిపాలిటీ పన్నులు వద్దని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఊరొదిలి వెళ్లి రామ్‌నగర్‌లో గుడిసెలు వేసుకున్న కథ మా వైపు అందరికీ తెలిసిందే. ప్రపంచంలోని వేల లైబ్రరీల కేటలాగ్‌లు కలిపి వెతికే వరల్డ్‌క్యాట్‌లో ఆవిడ అక్కడే వెతికారు. తెలుగు పేరును ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాసి చూశారు. దొరకలేదు.

"అంటే ప్రపంచంలో ఇంకెక్కడా లేదా?" అన్నాను.

"ఎవరూ రాసుకోలేదు, అంతే. ఏ బీరువాలోనో ఉండొచ్చు. సరే, ఇది ఏ ఊళ్లో అచ్చయింది? ఏ ప్రెస్సు? ఏ సంవత్సరం? వెల ఎంత?"

అవన్నీ ఉండేది అట్ట మీద. అట్ట పాతపేపర్ల బస్తాలో వెళ్లిపోయింది. ఇప్పుడు నా దగ్గరున్నది ఊరు, పేరు, పుట్టిన తేదీ లేని పాటలు. ఉద్యమం జరుగుతున్నప్పుడే వేశారా, ముప్పై ఏళ్ల తర్వాత తలుచుకుని వేశారా? చరిత్ర రాసేవాళ్లకి ఈ రెంటి మధ్య భూమ్యాకాశాల తేడా. ఆ తేడా చెప్పగలిగిన కాగితాన్ని నేనే కాటా మీద పెట్టాను. మళ్లీ దాని పేరు బ్యాకప్!

గోధుమలతో పాటు వెళ్లిన నవలలు

తిరుగు ప్రయాణంలో నేను మాట్లాడకపోవడం చూసి అక్కే మాట కలిపారు. మన పెద్దవాళ్లు అమెరికా గోధుమల గురించి చెబుతుంటారే, ఆ పీఎల్ 480 ఒప్పందం కింద మనం డబ్బు రూపాయల్లోనే కట్టేవాళ్లం. ఆ రూపాయల్లో కొంత పెట్టి, 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీ లైబ్రరీలకు పంపారు. తెలుగువి కూడా. చికాగో లాంటి చోట్ల మన నవలలు, కవితా సంపుటాలు, పత్రికలు అలా చేరాయి. మన ఊళ్లలో అద్దె పుస్తకాల షాపుల్లో నలిగి, చిరిగి, పొట్లాలైపోయిన పుస్తకాలు అక్కడ అరల్లో క్షేమంగా ఉన్నాయి.

ఇది విని మనం సంతోషించాలా, సిగ్గుపడాలా? నాకు రెండూ అనిపించాయి. అక్క మాత్రం "అక్కడ ఉన్నంత మాత్రాన బతికినట్టు కాదు నాయనా, ఎవరో ఒకరు అడగాలి" అన్నారు.

మన ఉదాహరణ ఒకటి చెప్పారు. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలో ఒక అరలో వందల ఏళ్లున్నాయి. రాగి కాబట్టి చెద పట్టలేదు. భద్రంగానే ఉన్నాయి. కానీ పాడేవాళ్లు లేరు. 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి వాళ్లు వాటిని బయటికి తీసి, చదివి, వరుస పెట్టి, అచ్చువేశాకే అవి మన ఇళ్లలోకి వచ్చాయి. అరలో పెట్టడంతో సగం పనే అయినట్టు. మిగతా సగం అందులో ఏముందో రాసి, అడిగినవాడి చేతికివ్వడం.

పుస్తకమున్నది వాడుకోవడానికేనని గ్రంథాలయ సూత్రాల్లో మొట్టమొదటిదిగా చెప్పిన ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియనే. 1924లో ఆ ఉద్యోగంలో చేరకముందు లెక్కల మాస్టారు. అరుదైన పుస్తకాల దగ్గర ఆ సూత్రం ఇరకాటంలో పడుతుంది. వాడితే అరుగుతుంది, వాడకపోతే ఉండీ లేనట్టే. అందుకే రీడింగ్ రూములో అన్ని నియమాలు. సంచి బయట పెట్టాలి. పెన్ను కూడదు, పెన్సిలే. పుస్తకం వెన్ను విరగకుండా రెండు పక్కలా మెత్తటి దిండ్లు. పేజీ లేవకుండా పూసల తాడు లాంటి బరువు. "ఆ రూల్సన్నీ మిమ్మల్ని దూరంగా పెట్టడానికి అనుకుంటారు. మీ చేతికి ఇవ్వడానికే ఆ రూల్సు" అన్నారు అక్క. ఆవిడ యూనివర్సిటీలో మొదటేడు పిల్లల్ని తీసుకొచ్చి, నాలుగొందల ఏళ్ల పుస్తకాన్ని వాళ్ల చేత్తోనే తిప్పిస్తారట. ఇరవై మందిలో ఒకరు మళ్లీ వస్తారట. ఆ ఒక్కరి కోసమే ఆ తంటా అంతా.

స్కానింగ్ అంటే ఆవిడకి పడదనుకునేరు. అస్సలు కాదు. వాళ్ల విభాగంలోనూ రోజూ స్కాన్ చేస్తారు. చీరాలలో ఉన్న కుర్రాడు చికాగోలో ఉన్న పుస్తకం చూడాలంటే ఇంకో దారి లేదు. అసలు ప్రతి మీద చేతులు పడటం కూడా తగ్గుతుంది. కాకపోతే వాళ్లు అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీలతో సహా, అంచు దాటి కింద బల్ల కనబడేలా తీస్తారు. పక్కన కొలబద్ద, రంగుల పట్టీ పెడతారు. తీశాక అసలు ప్రతిని మళ్లీ అరలో పెడతారు. నేను మొత్తం మీద తప్పింది ఈ చివరి మెట్టు దగ్గరే.

మీ ఇంట్లో పెట్టె ఉంటే

ఊరికి రాగానే బాబాయిని వెంటబెట్టుకుని ఆ పాతపేపర్ల అతని దగ్గరికి వెళ్లాను. మూడేళ్ల కిందటి కాటా! అతను మా ముఖాల వైపు జాలిగా చూశాడు. ఆ కాగితం ఈపాటికి ఏ అట్టపెట్టో అయి ఉంటుందన్నాడు. ఇప్పుడు ఆన్‌లైన్లో ఏదైనా ఆర్డరిస్తే, వచ్చిన అట్టపెట్టెని పారేసే ముందు ఓసారి తిప్పి చూస్తున్నాను. పిచ్చని తెలుసు.

మీలో చాలామంది ఇళ్లలో అటకమీద ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. అక్క చెప్పిన నాలుగు మాటలు మీకూ చెబుతాను. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించొద్దు, కొన్నాళ్లకి ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, వేశాక తీయలేం. నేల మీద, తడి గోడకి ఆనించి పెట్టొద్దు. పుస్తకం మీద పెన్నుతో ఏమీ రాయొద్దు, రాయాల్సింది వేరే చీటీ మీద పెన్సిల్‌తో రాసి లోపల పెట్టండి. ఫొటోలు తీస్తే ఆటో క్రాప్ ఆపేసి, అట్టలు, ఖాళీ పేజీలు, మధ్యలో దొరికిన బస్సు టికెట్లు, ఎండిన పూలు, అన్నీ తీయండి. లైబ్రరీకి ఇవ్వాలనుకుంటే మూటగట్టి గుమ్మంలో దించేయకండి. ముందు జాబితా రాసి పంపండి. ప్రతి పుస్తకం వాళ్లు తీసుకోలేరు, వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నది మళ్లీ అక్కర్లేదు కూడా. వేరెక్కడా లేనిదేదో వాళ్లే చెబుతారు. అన్నిటికన్నా ముందు, ఆ పెట్టె ఎవరిదో, అందులో ఏముందో తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి.

నేను నాయనమ్మని అడిగాను. తనకి చదువు రాదు. తాతయ్య రాత్రిళ్లు భారతం చదివి వినిపించేవారని తెలుసు. ఫోన్లో ఆ పేజీ చూపించి, "తాతయ్య ఇక్కడ 'ఆమె' అని రాసి ఆపేశారు నాయనమ్మా. తర్వాత ఏం రాసుంటారు?" అన్నాను. ఆపింది తాతయ్య కాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆవిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు చూసింది. "ఏముందిరా, నిద్రపోయుంటాను. పొద్దుట్నుంచీ చాకిరీ. ఆయనకేమో రాత్రయితేనే హుషారు" అంది. తర్వాత తనలో తనే నవ్వుకుంది.

పోయినవారం అక్క పంపిన నమూనా చూసి, నా దగ్గరున్న 41 ఫైళ్లకీ ఒక జాబితా తయారుచేశాను. పేరు, రచయిత, ప్రెస్సు, సంవత్సరం, ఎవరి ప్రతి, చేతిరాతలు. లోపం ఉంటే లోపం కూడా రాయాలనీ, దాచకూడదనీ, రేపు చూసేవాడికి తెలియాలనీ ఆవిడ మరీ మరీ చెప్పారు. భారతం వరుసలో ఇలా రాశాను: 'అట్టలు లేవు. అంచులు లేవు, స్కాన్ చేసిన మనవడు కత్తిరించాడు. ఒక పేజీలో పెన్సిల్ రాత, అసంపూర్ణం. భార్య నిద్రపోయిందని రాసి ఉండవచ్చు. ఆధారం: ఆమే చెప్పింది.'